రీఫ్ ట్యాంక్‌లో పిలవని మాంటిస్ ష్రింప్: గుర్తించడం, పట్టడం, ఆ తర్వాత

తిరుపతిలోనూ చిత్తూరులోనూ రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టుకున్నవారికి లైవ్ రాక్, అంటే బాక్టీరియా, చిన్న జీవులు నివసించే రంధ్రాల రాయి, చాలావరకు చెన్నై వైపు నుంచే వస్తుంది. చెన్నైలోని కొళత్తూరు దుకాణంలో కొన్న రాయిని తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి, థర్మకోల్ పెట్టెలో సర్ది, కారు డిక్కీలో పెట్టుకుంటే మూడు నాలుగు గంటల్లో ఇంటికి చేరుతుంది. ఆ ప్రయాణంలో రాయి పైభాగం కాస్త ఆరినా లోపలి బొరియల్లో నీరు నిలిచే ఉంటుంది కాబట్టి, అక్కడ దాక్కున్న మాంటిస్ ష్రింప్ అనే వేటాడే సముద్రజీవి కూడా క్షేమంగా మన ఇంటికి చేరుతుంది. రాయి ట్యాంక్‌లోకి వెళ్లాక కొన్ని వారాలపాటు ఏ తేడా తెలియదు. ఆ తర్వాత నత్తలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి, ఖాళీ గుల్లల్లో నివసించే హెర్మిట్ పీతలు కనిపించవు, లైట్లు ఆరిపోయాక రాళ్ల మధ్య నుంచి టక్కుమని చప్పుడు వినిపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది కంగారుపడి రాళ్లన్నీ ఒకేసారి బయటికి తీసేస్తారు. దానివల్ల ఇసుకలో పేరుకున్న మలినమంతా నీటిలోకి లేచి, అసలు జీవి చేసిన నష్టం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. మాంటిస్ ష్రింప్‌ను వెంటాడి పట్టాలనుకోవడం కూడా వృథా ప్రయాసే. అది ఏ రాయిలో, ఏ బొరియలో ఉంటుందో ఓపికగా తేల్చుకుని, ఆ ఒక్క రాయిని మాత్రమే బయటికి తీయడం అన్నింటికంటే సులువైన, సురక్షితమైన మార్గం. ఉచ్చులు, ఎరలు వంటివన్నీ అది కుదరనప్పుడు ఆలోచించాల్సినవి.

అది ఎలాంటి జీవి

మాంటిస్ ష్రింప్ మనం వండుకునే రొయ్యలకు దగ్గరి చుట్టం కాదు. రొయ్యలు, పీతలు ఒక క్రమానికి చెందితే ఇవి స్టొమటోపాడ్‌లు అనే వేరే క్రమానికి చెందుతాయి. శాస్త్రజ్ఞులు ఇప్పటివరకు వర్ణించిన జాతులు 450కి పైనే ఉన్నాయి. ట్యాంక్ ఉన్నవారికి మాత్రం వాటిలో రెండు వర్గాలు తెలిస్తే చాలు. మొదటిది మోదే రకం: ముందు వైపు మడిచి ఉంచుకునే వేటకాలి మడమ భాగం గదలా ఉబ్బి ఉంటుంది, దానితో నత్తగుల్లలను, పీతల డొప్పలను పగలగొడుతుంది. రెండోది పొడిచే రకం: వేటకాలి చివరి భాగంలో వరుసగా పదునైన ముళ్లుంటాయి, ఇసుకలో బొరియ చేసుకుని పక్కనుంచి వెళ్లే చేపను, రొయ్యను పొడిచి లాక్కుంటుంది. బంగాళాఖాతంలో ట్రాల్ వలలకు రొయ్యలతోపాటు పడేవి ఎక్కువగా ఈ పొడిచే రకాలే. లైవ్ రాక్‌తో మన ఇంటికి వచ్చేవి మాత్రం దాదాపు ఎప్పుడూ మోదే రకానికి చెందిన గోనోడాక్టైలస్ వంటి చిన్న జాతులే. అవి ఆకుపచ్చగా, గోధుమ రంగులో, మచ్చలు మచ్చలుగా, కొన్నిసార్లు దాదాపు నల్లగా ఉంటాయి. పొడవు ఎక్కువగా 2 నుంచి 7 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది.

దాని దెబ్బ గురించి వినిపించే కథల్లో అతిశయోక్తి ఉన్నా, కొలిచిన లెక్కలే తగినంత ఆశ్చర్యం కలిగిస్తాయి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షీలా పటేక్, రాయ్ కాల్డ్‌వెల్ బృందం పీకాక్ మాంటిస్ ష్రింప్ మీద చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, గద సెకనుకు 23 మీటర్ల వరకు వేగాన్ని అందుకుంటుందని తేలింది. ఆ తర్వాతి ఏడాది ప్రచురించిన కొలతల్లో దెబ్బ బలం 1,500 న్యూటన్ల వరకు నమోదైంది. అంత వేగానికి నీటిలో ఒక బుడగ ఏర్పడి, వెంటనే కూలిపోతుంది. దానివల్ల గద తగిలిన చోటే రెండో దెబ్బ కూడా పడుతుంది. పీకాక్ జాతి 18 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది కాబట్టి మీ రాయిలోని నాలుగు సెంటీమీటర్ల జీవికి అంత బలం ఉండదు. అయినా నత్తగుల్లను పగలగొట్టడానికీ, మీ వేలి చర్మాన్ని చీల్చడానికీ దాని బలం సరిపోతుంది. ఎనిమిది, పది మిల్లీమీటర్ల అద్దానికి ఇంత చిన్న జీవి వల్ల ప్రమాదం ఉంటుందని భయపడనక్కరలేదు.

అది పగడాలను తినదు. నత్తలు, పీతలు, క్లీనర్ ష్రింప్ వంటివి లేకుండా కేవలం పగడాలూ కొన్ని చురుకైన చేపలూ ఉన్న ట్యాంక్‌లో రెండు మూడు సెంటీమీటర్ల మాంటిస్ ష్రింప్ ఉంటే, దాన్ని అలాగే వదిలేయడం కూడా సమంజసమైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయితే అది పెరుగుతుందనీ, అడుగున నిద్రపోయే చిన్న చేపలకు ఎప్పుడో ఒకప్పుడు ముప్పు రావచ్చనీ తెలిసే ఆ నిర్ణయం తీసుకోవాలి.

ఆనవాళ్లను సరిగా చదవడం

చప్పుడు వినగానే మాంటిస్ ష్రింప్ అనుకోకూడదు. పిస్టల్ ష్రింప్ కూడా లైవ్ రాక్‌తోనే వస్తుంది, అది కూడా చప్పుడు చేస్తుంది, కానీ దానివల్ల ట్యాంక్‌కు పెద్దగా హాని లేదు. పిస్టల్ ష్రింప్ చప్పుడు చిటిక వేసినట్టు పదునుగా, తరచుగా వినిపిస్తుంది. మాంటిస్ ష్రింప్ చప్పుడు కాస్త మొద్దుగా, రాతి మీద గుల్ల కొట్టుకున్నట్టే ఉంటుంది. ఒకటి రెండు దెబ్బల తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, లేదా ఏదైనా గుల్ల దొరికినప్పుడు వరుసగా కొన్ని దెబ్బలు వినిపిస్తాయి. ఇంకా ముందే చేయవలసిన పని ఒకటుంది: వేవ్ మేకర్‌ను (నీటిని కదిలించేది), రిటర్న్ మోటారును (ఫిల్టర్ నీటిని ట్యాంక్‌లోకి తిరిగి పంపేది), స్కిమ్మర్‌ను (నురగతో మలినాలు తీసేది) పది నిమిషాలు ఆపి వినండి. మోటారులోని ఇంపెల్లర్ అరిగినా, హీటర్ థర్మోస్టాట్ పడుతూ లేస్తున్నా ఇలాంటి టక్కుటక్కు చప్పుళ్లే వస్తాయి. మన ఊరి ఎండలకు ఏడాదిలో ఎక్కువ కాలం హీటర్‌తో పనే ఉండదు కాబట్టి దాని ప్లగ్ తీసేసి వినడంలో నష్టం లేదు.

చప్పుడు కంటే గుల్లలు నమ్మదగిన సాక్ష్యం. సహజంగా చచ్చిన నత్త గుల్ల చెక్కుచెదరకుండా ఖాళీగా మిగులుతుంది. మాంటిస్ ష్రింప్ తిన్న నత్త గుల్లకు మూతి అంచు విరిగి ఉంటుంది, లేదా పక్కన గరుకు అంచులతో కన్నం పడి ఉంటుంది. ఇది వేటను బొరియకు మోసుకెళ్లి అక్కడే పగలగొట్టి తింటుంది. మిగిలిన చెత్తను గుమ్మం బయటకు విసిరేస్తుంది. అందుచేత ఒక రాయి కింద గుల్ల ముక్కలు, పీత కాళ్లు కుప్పగా పడి ఉంటే, దానికి కాస్త పైనే గుండ్రటి రంధ్రం ఉండే అవకాశం ఎక్కువ.

చేపలు మాయమైనంత మాత్రాన నేరం దీని మీదకు నెట్టకూడదు. మూత లేని ట్యాంక్ నుంచి చేప ఎగిరి సోఫా వెనక పడిపోవడం, వేసవిలో కరెంటు పోయి ఆక్సిజన్ తగ్గడం మన ప్రాంతంలో మరింత మామూలు కారణాలు. నల్లటి గోళ్లున్న వెంట్రుకల పీత, రాళ్లలో దాగే పెద్ద యూనిస్ పురుగు కూడా చేపలకు, నత్తలకు హాని చేయగలవు. వాటిని పట్టే పద్ధతి వేరు కాబట్టి జీవిని కంటితో చూసే వరకు ఆగడం మంచిది.

కంటితో చూస్తే మాత్రం సందేహం మిగలదు. బొరియ మూతి దగ్గర ముందుగా కనిపించేవి కాడల మీద నిలిచిన రెండు కళ్లు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. ఒక కన్ను మీ ముఖాన్ని చూస్తుంటే మరొకటి మీ చేతిలోని పట్టకారును చూస్తుంటుంది. ప్రతి కంటి మధ్యలో అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది. గడ్డం కింద మడిచిన వేటకాళ్లు ఉంటాయి. అది కాళ్లు చాచి బెదిరించినప్పుడు వాటి లోపలి వైపు ఒక రంగు మచ్చ మెరుస్తుంది. ఆ మచ్చ రంగు జాతిని బట్టి మారుతుంది కాబట్టి, ఫోన్‌లో దాని ఫొటో తీయగలిగితే తర్వాత జాతిని గుర్తించడానికి పనికొస్తుంది.

బొరియను తేల్చుకోవడం

అర్ధరాత్రి ఎర్ర లైటు వేసి చూడమని అందరూ సలహా ఇస్తారు. పొడిచే రకాలకు అది సరిపోతుంది కానీ, రాళ్లలో ఉండే చిన్న మోదే జాతుల్లో చాలావి పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో తిరుగుతాయి. రాత్రికి చిన్న రాళ్లతో, గుల్ల ముక్కలతో బొరియ మూతిని మూసుకుని లోపలే ఉంటాయి. అందువల్ల ట్యాంక్ లైట్లు వెలగడానికి ముందు ఒక అరగంట, ఆరిన తర్వాత ఒక అరగంట గదిలో లైట్లు తీసేసి కదలకుండా కూర్చుని గమనించండి. సెల్‌ఫోన్‌ను స్టాండుకు బిగించి వీడియో తీసి తర్వాత చూసుకోవడం ఇంకా సులువు, ఎందుకంటే మనిషి నీడ కదిలితే ఈ జీవి వెంటనే లోపలికి జారుకుంటుంది.

నిన్న తెరుచుకుని ఉన్న రంధ్రం ఈ రాత్రి గులకరాళ్లతో మూసుకుని, తెల్లారేసరికి మళ్లీ తెరుచుకుంటే, అది మాంటిస్ ష్రింప్ బొరియేనని దాదాపు నిర్ధారించుకోవచ్చు. ఇంకా అనుమానం ఉంటే పొడవాటి పట్టకారుతో రొయ్య ముక్కను ఆ రంధ్రానికి అంగుళం దూరంలో ఉంచండి. ఆకలిగా ఉంటే క్షణంలో లాక్కుంటుంది. ఇంట్లో శాకాహారం పాటించేవారికి పచ్చి రొయ్యను ఫ్రిజ్‌లో ఉంచడం ఇబ్బంది కావచ్చు. అలాంటివారు చేపల దుకాణంలో అమ్మే ఫ్రోజెన్ మైసిస్ లేదా క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ప్యాకెట్‌ను ఒక మూత డబ్బాలో పెట్టి వాడుకోవచ్చు.

ఒక రాయికి ఒకే బొరియ ఉన్నా, దానికి వెనక వైపు రెండో ద్వారం ఉండవచ్చు. ముందు నుంచి తీసిన ఫొటోలో రంధ్రం చుట్టూ గుర్తు పెట్టుకోండి. ఆ రాయి పక్కరాళ్లకు ఎక్కడ ఆనుకుని ఉంది, దాని మీద ఏ పగడం ఏ వైపు ఉంది అన్నది కూడా ముందే చూసి పెట్టుకోండి.

ముందురోజు సిద్ధం చేసుకోవలసినవి

ఆర్.ఓ. నీటిలో రీఫ్ ఉప్పు కలిపి 20 లీటర్ల ఉప్పునీరు ముందురోజే సిద్ధం చేయండి. లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాముల ఉప్పు పడుతుంది, కానీ రిఫ్రాక్టోమీటర్‌లో (నీటిలోని ఉప్పును కొలిచే పరికరం) మీ ట్యాంక్ రీడింగ్‌కు సమానంగా వచ్చే వరకు సరిచూసుకోవాలి. బోరు నీటిని ఇందుకు వాడకండి. ఇవి కాకుండా ఇంతకుముందు సబ్బు తగలని రెండు బకెట్లు, బకెట్‌లో ఇమిడే కాళ్లున్న ప్లాస్టిక్ బుట్ట, సన్నటి కన్నాల వల సంచి, పొడవాటి పట్టకారు, మందమైన రబ్బరు గ్లవ్స్, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాలి. మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి చివర అక్వేరియం ఎయిర్ ట్యూబ్ ముక్క తొడిగితే బొరియలోకి నీరు పంపడానికి అదే చాలు. సర్జికల్ గ్లవ్స్ ఈ జీవి ముందు ఏ రక్షణా ఇవ్వవు.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండ 40 డిగ్రీలు దాటే మా తిరుపతిలో బకెట్‌లోని నీరు ట్యాంక్ నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. ఈ పనికి రాత్రివేళ ఎంచుకోవడానికి అదొక కారణం. రాత్రిపూట బొరియ మూసుకుని జీవి లోపలే ఉంటుందన్నది అంతకంటే ముఖ్యమైన కారణం.

రాయిని బయటికి తీయడం

బొరియ మూతి రాళ్లతో మూసుకుందని చూసుకున్నాక మోటార్లు, హీటర్ ఆపండి. నీళ్లు కదలకుండా ఉంటే చూపు స్పష్టంగా ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని, బొరియ మూతికి వేళ్లు ఎదురుగా రాకుండా రాయిని రెండు వైపులా పట్టుకోండి. ముందే గమనించిన రెండో ద్వారంలో ఫిల్టర్ స్పాంజి ముక్కను కుక్కండి. రాయిని నీటి అడుగునే వల సంచిలోకి జార్చి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే రాయి నీటి నుంచి బయటపడి లోపలి నీరు కారిపోవడం మొదలవగానే కొన్నిసార్లు మాంటిస్ ష్రింప్ తనంతట తానే దూకేస్తుంది. వల లేకపోతే అది మళ్లీ ట్యాంక్‌లోనే పడి వేరే రాయిని వెతుక్కుంటుంది, మీ శ్రమంతా మొదటికి వస్తుంది.

రాయి మీద పగడాలు లేకపోతే తర్వాతి పని సులువు. ఒక బకెట్‌లో ట్యాంక్ ఉష్ణోగ్రత ఉన్న ఉప్పునీరు తీసుకుని, అందులో మరికొంత ఉప్పు కలిపి స్పెసిఫిక్ గ్రావిటీని (మంచినీటితో పోల్చిన సాంద్రత, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) 1.035 నుంచి 1.040 మధ్యకు తీసుకురండి. బకెట్ అడుగున ప్లాస్టిక్ బుట్టను బోర్లించి, దానిమీద రాయిని బొరియ కిందికి ఉండేలా నిలబెట్టండి. ఉప్పు ఎక్కువైన నీరు సహించలేక బయటికి వచ్చిన జీవి బుట్ట కన్నాల గుండా అడుగుకు పడిపోతుంది, తిరిగి రాయిలోకి ఎక్కే వీలుండదు. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, మధ్యలో రాయిని ఒకటి రెండుసార్లు మెల్లగా ఊపండి. ఉప్పు తక్కువైన నీటిలో, అంటే మామూలు మంచినీటిలో ముంచినా జీవి బయటికి వస్తుంది. కానీ అలా చేస్తే రాయిలోని స్పాంజీలు, పురుగులు, కోపిపాడ్‌లు అనే అతి చిన్న జీవులు కూడా చాలావరకు చచ్చి, తర్వాత కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. ఆ కారణంగా నేను ఎక్కువ ఉప్పు నీటికే మొగ్గు చూపుతాను.

పగడాలున్న రాయిని అలా పూర్తిగా ముంచకూడదు. ఖాళీ బకెట్ మీద రాయిని బొరియ కిందికి, పగడాలు పైకి వచ్చేలా వంచి పట్టుకోండి. ఇద్దరుంటే మంచిది: ఒకరు రాయిని పట్టుకుంటే మరొకరు సిరంజి చూసుకోవచ్చు. సిరంజిలో ఎక్కువ ఉప్పు నీరు గానీ, ప్లెయిన్ సోడా గానీ నింపి, ట్యూబును బొరియలోకి కొద్దిగా దూర్చి 10, 20 మి.లీ. చొప్పున పంపండి. సోడాలోని కార్బన్ డయాక్సైడ్, ఉప్పు లేమి రెండూ కలిసి దాన్ని త్వరగా బయటికి తరుముతాయి. వీధి చివర దొరికే గోలీ సోడా అయినా పనిచేస్తుంది, కానీ నిమ్మరసం, ఉప్పు, తీపి ఏవీ కలపనిదే వాడాలి. కారిన సోడా పగడాలకు తగలకుండా నేరుగా బకెట్‌లో పడేలా చూసుకోండి. రెండు మూడు నిమిషాలకొకసారి పగడాల మీద ట్యాంక్ నీరు చల్లుతూ ఉండండి. ట్యాంక్‌లో రాయి ఉండగా సోడాను బొరియలోకి ఎక్కించమని చెప్పేవారు కొందరున్నారు. కొద్దిపాటి సోడాకే చిన్న ట్యాంక్‌లో పి.హెచ్. పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని చేయవద్దు.

ఒక్కోసారి ఎంత చేసినా బయటికి రాదు. ఈ జాతులు బొరియను కాపాడుకోవడానికి తోక చివరనున్న గట్టి డొప్పను గుమ్మానికి అడ్డం పెట్టి కూర్చుంటాయి. ఆ డొప్ప తోటి మాంటిస్ ష్రింప్‌ల దెబ్బలనే తట్టుకోగలదు కాబట్టి, మీరు తీగతో గుచ్చినా దానికి లెక్క లేదు. పైగా తీగతో పొడిచి లోపలే చంపేస్తే శరీరం బొరియలో కుళ్లిపోతుంది. అలాంటప్పుడు రాయిని ట్యాంక్ నీటితో నింపిన బకెట్‌లో ఎయిర్ పంపుతో ఒకటి రెండు రోజులు విడిగా ఉంచి, మళ్లీ ప్రయత్నించండి. రాయి ట్యాంక్‌లో లేనంతవరకు మిగతా నత్తలకు ముప్పు లేదు కాబట్టి తొందరపడవలసిన అవసరమూ లేదు.

జీవి బయటికి వచ్చిందని కళ్లతో చూశాకే పని పూర్తయినట్టు. రాయిని మామూలు ఉప్పునీటిలో కడిగి తిరిగి పెట్టేయవచ్చు. మంచినీటిలో ముంచి ఉంటే మాత్రం కొన్ని రోజులు విడిగా ఉంచి, అమ్మోనియా టెస్ట్ కిట్‌తో చూసి పెట్టండి. తర్వాత ఒక నెలపాటు చప్పుళ్లు వింటూ, నత్తలను లెక్కపెడుతూ ఉండండి. ఒకే రాయి సంచిలో రెండు జీవులు రావడం అసాధారణమేమీ కాదు.

రాయి కదలనప్పుడు

రాళ్లు సిమెంట్‌తో అంటించి ఉన్నా, రాయి మీద పగడం పక్క రాళ్లకు పాకి ఉన్నా ఉచ్చు పెట్టక తప్పదు. అర లీటరు నీళ్ల బాటిల్ పైభాగాన్ని కోసి, మూత తీసి, మూతి లోపలికి వచ్చేలా తలకిందులుగా తిరిగి బాటిల్‌లోకి దూర్చి నైలాన్ దారంతో కుట్టేస్తే ఉచ్చు సిద్ధమవుతుంది. అడుగున శుభ్రమైన చిన్న రాయి బరువుగా వేసి, రొయ్య ముక్క పెట్టి, మూతి బొరియ వైపు ఉండేలా పడుకోబెట్టండి. నిజం చెప్పాలంటే మాంటిస్ ష్రింప్ తెలివైన జీవి, లోపలికి వెళ్లిన దారినే బయటికి రావడం దానికి సాధ్యమే. ఉచ్చు పెట్టిన గంట రెండు గంటల్లో చూడకపోతే ఖాళీ బాటిలే మిగులుతుంది. హెర్మిట్ పీతలు, రాళ్లలో ఉండే బ్రిసిల్ పురుగులే ముందుగా పడతాయి. రాత్రంతా వదిలేస్తే ఎర కుళ్లి నీరు పాడవుతుంది.

అంతకంటే మంచి ఫలితమిచ్చేది, కానీ ఎక్కువ ఓపిక కావాల్సింది, మచ్చిక చేసుకునే పద్ధతి. రోజూ ఒకే వేళకు పట్టకారుతో ఎర పెడుతూ, మూడు నాలుగు రోజులకొకసారి ఎరను బొరియకు కాస్త దూరంగా జరుపుతూ పోవాలి. అది నాలుగైదు అంగుళాలు బయటికి రావడం అలవాటు పడ్డాక, ఒకరు ఎర చూపిస్తుంటే మరొకరు గులకరాయితోనో స్పాంజితోనో బొరియ మూతిని మూసి, రెండు వలలతో పట్టవచ్చు. దానికి తిరిగి దాక్కునే చోటు లేకపోవడమే ఇక్కడ కీలకం. ఇసుకలో ఉండే పొడిచే రకానికైతే ఈ మచ్చిక పద్ధతి, ఉచ్చు తప్ప వేరే దారి లేదు.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి

రాయిని మరిగే నీటిలో వేయడం వీటిలో అన్నింటికంటే ప్రమాదకరం. రాళ్ల మీద పెరిగే, పగడాల్లాంటి జోయాంథస్, పాలిథోవా వంటి పాలిప్‌లలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉండవచ్చు. వాటిని మరిగించినప్పుడు, బ్రష్‌తో గట్టిగా రుద్దినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. వంటింటి గిన్నెలో పది నిమిషాల పని అనుకుని ఎవరూ దీనికి పూనుకోకూడదు.

కాపర్ మందులు, పురుగుమందులు మాంటిస్ ష్రింప్‌ను చంపుతాయి, దానితోపాటు పగడాలను, రొయ్యలను, నత్తలను కూడా చంపుతాయి. కాపర్ రాళ్లలోకి ఇంకిపోయి చాలాకాలం మళ్లీ నీటిలోకి దిగుతూనే ఉంటుంది. బొరియను ఎపాక్సీతో మూసేయడమూ పరిష్కారం కాదు: అది వేరే ద్వారం చేసుకుంటుంది లేదా లోపల చచ్చి కుళ్లుతుంది. ట్రిగ్గర్ ఫిష్‌ను తెచ్చి వదిలితే అది మాంటిస్ ష్రింప్‌తోపాటు మీరు కాపాడాలనుకున్న ప్రతి నత్తనూ తింటుంది.

దెబ్బ తగిలితే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో బాగా కడగాలి. లోతైన గాయమైతే డాక్టరుకు చూపించి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగాలి. అక్వేరియం నీటిలోని మైకోబాక్టీరియం మారినం చర్మంలోకి చేరితే కొన్ని వారాల తర్వాత మానని గడ్డలు రావచ్చు. అలాంటప్పుడు ఇంట్లో అక్వేరియం ఉందని డాక్టరుకు చెప్పకపోతే కారణం దొరకడం కష్టం.

పట్టిన తర్వాత

పట్టిన జీవిని పాలిథిన్ సంచిలో వేయకండి, తోక ముళ్లకు చిరుగుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంక్ నీరు పోసి, దాక్కోవడానికి చిన్న పి.వి.సి. పైపు ముక్క వేయండి. చూసిన కొద్దీ దాన్ని చంపబుద్ధి కాదు. విడిగా పెంచడం కూడా పెద్ద ఖర్చేమీ కాదు. ఐదు సెంటీమీటర్ల జీవికి 30, 40 లీటర్ల చిన్న ట్యాంక్, స్పాంజి ఫిల్టర్, రెండు అంగుళాల ఇసుక, గుల్ల ముక్కలు, కొన్ని రాళ్లు, జీవి పొడవు కంటే కాస్త పొడవైన చీకటి పైపు చాలు. స్పెసిఫిక్ గ్రావిటీ 1.023 నుంచి 1.026 మధ్య, ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలి. వేసవిలో ఇక్కడ అసలు పరీక్ష ఉష్ణోగ్రతదే. చిన్న ట్యాంక్‌ను కిటికీకి దూరంగా పెట్టి, ఉపరితలం మీద ఫ్యాన్ తిప్పి, ఆవిరైన మేరకు రోజూ ఆర్.ఓ. మంచినీరు కలపాలి. ప్రధాన ట్యాంక్‌కు ఫిల్టర్ సంప్ (కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) ఉంటే, మోటారు మూతికి జాలీ కట్టి, అందులోనే ఒక అరలో ఉంచడం ఇంకా సులువు. నీరంతా ఒకటే కాబట్టి వేరే చల్లబరిచే ఏర్పాటు అక్కరలేదు.

వారానికి రెండు మూడుసార్లు రొయ్య ముక్కలు, ఆల్చిప్ప మాంసం, అప్పుడప్పుడు గుల్లతో సహా నత్త పెట్టవచ్చు. ఒక ట్యాంక్‌లో ఒక్కటే ఉండాలి. కొన్నిసార్లు అది బొరియ మూసుకుని రోజుల తరబడి తిండి ముట్టదు. చచ్చిపోయిందేమోనని రాయి తిప్పి చూడకండి, అది కుబుసం విడుస్తూ ఉండవచ్చు. కొత్త డొప్ప గట్టిపడే వరకు దాన్ని కదపకూడదు. కుబుసం బయటికి తోసిన రోజు ఖాళీ కళ్ల కాడలతో సహా మొత్తం తొడుగు ఇసుక మీద కనిపిస్తుంది. దాన్ని చచ్చిన జీవి అనుకుని బాధపడేవారూ ఉన్నారు.

పెంచలేనివారు తీసుకునే హాబీదారుడికో, దుకాణానికో ఇవ్వవచ్చు. సూళ్లూరుపేట వైపు వెళ్లినప్పుడు పులికాట్‌లోనో సముద్రంలోనో వదిలేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. రాయి ఏ సముద్రం నుంచి వచ్చిందో, జీవి ఏ జాతిదో, ఏ రోగాలు మోసుకొచ్చిందో తెలియకుండా స్థానిక జలాల్లో వదలడం తప్పు.

తర్వాతి రాయి తెచ్చేటప్పుడు

కొత్త రాయిని నేరుగా ట్యాంక్‌లో పెట్టకుండా, మూత ఉన్న టబ్బులో ఎయిర్ పంపు, చిన్న మోటారుతో నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచితే చాలా బాధలు తప్పుతాయి. టబ్బులో రెండు మూడు చవకైన నత్తలు వేసి లెక్కపెడుతూ ఉండండి. ఒకటి తగ్గితే అక్కడే రాయిని ఎక్కువ ఉప్పు నీటిలో ముంచి చూడవచ్చు, పగడాల గొడవ ఉండదు.

లైవ్ రాక్ ఎక్కడిదని దుకాణంలో అడగడం ఇంకొక కారణానికి కూడా అవసరం. రీఫ్ నిర్మించే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో చేర్చారు కాబట్టి, మన్నార్ సింధుశాఖ వంటి చోట్ల సముద్రంలో తవ్వి తెచ్చిన పగడపు రాయిని కొనడం చట్టవిరుద్ధం. కొత్తగా ట్యాంక్ మొదలుపెట్టేవారు కృత్రిమంగా తయారుచేసిన పొడి రాయి తీసుకుని, సీసాలో వచ్చే బాక్టీరియాతో సైకిల్ చేసుకోవచ్చు, అంటే అమ్మోనియాను హరించే బాక్టీరియా ట్యాంక్‌లో స్థిరపడేలా చేసుకోవచ్చు. లైవ్ రాక్‌తో పోలిస్తే సమయం ఎక్కువ పడుతుంది, మొదటి నెలల్లో గోధుమ రంగు నాచు కూడా విసిగిస్తుంది, కానీ పొడి రాయిలో ఏ మాంటిస్ ష్రింప్ దాక్కుని రాదు. ఒక్క జాగ్రత్త మిగులుతుంది: తర్వాత కొనే పగడపు ముక్కలు అంటించిన చిన్న రాళ్లకు కూడా బొరియలుంటాయి కాబట్టి, వాటిని టార్చిలైటుతో అన్ని వైపులా చూసి, రంధ్రాలున్న అడుగు భాగాన్ని విరిచేసి పెట్టుకోవాలి.